మాట వస్తున్నది, బొమ్మ వస్తలేదు

ప్రశ్న: మాది పరకాల దగ్గరి ఊరు. 2002లో కొన్న 21 అంగుళాల డబ్బా టీవీ 18 ఏండ్లు నడిచింది. నడుమ ఒక్కసారి ఎల్.ఓ.టి. (పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మార్చినం, అంతే. దాని తర్వాత కొన్న 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ మూడేండ్లు నిండి నాలుగు నెలలు కాలేదు, ఆన్ చేస్తే తెర ఒక్క క్షణం మెరిసి నల్లగైతున్నది. మాట మాత్రం వస్తున్నది. మెకానిక్ చూసి ప్యానెల్ పోయింది, 11 వేలైతయి, దానికన్నా కొత్తది కొనుక్కోండి అన్నడు. ఎల్ఈడీ బల్బులు ఆరు నెలలకోసారి మారుస్తున్నం. 1999 నాటి 165 లీటర్ల ఫ్రిజ్ మాత్రం ఇంకా నడుస్తున్నది. పిల్లలు దాన్ని తీసేయుమంటున్నరు. కొత్త సామాన్లల్ల దేన్ని నమ్మాలె? పాత స్టెబిలైజర్ ఒకటి సజ్జ మీద ఉన్నది, టీవీకి పెట్టుకోవచ్చా?

జవాబు: ఆ 11 వేలు ఇవ్వకండి, కొత్త టీవీ కూడా ఇప్పుడే కొనకండి. మీరు రాసిన లక్షణాలు ప్యానెల్ పోయినవి కావు, దాని వెనక దీపం పోయినవి. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఆరిపోతే బొమ్మలు ఆడుతూనే ఉంటాయి, పాట వినబడుతూనే ఉంటుంది, చూసేవాళ్లకు మాత్రం చీకటి. మీ టీవీలో జరిగింది అదే. ఎల్ఈడీ టీవీలో ప్యానెల్‌కు సొంత వెలుగు ఉండదు. అది వెలుగును ఆపడమో వదలడమో చేసే పల్చటి గాజు తెర. వెలుగిచ్చేవి దాని వెనక ఉన్న బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు, అంటే చిన్న ఎల్ఈడీ దీపాలు వరుసగా బిగించిన పట్టీలు.

ఈ మాట నిజమో కాదో మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి టీవీ ఆన్ చేయండి, వార్తల ఛానల్ పెట్టండి. సెల్‌ఫోన్ టార్చిని తెరకు రెండు మూడు అంగుళాల దూరంలో ఏటవాలుగా పట్టి, అడుగున వార్తల పట్టీ నడిచే చోట మెల్లగా జరుపుతూ చూడండి. వెలుగు పడినంత మేర మసకమసకగా అక్షరాలు కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బతికే ఉంది, మదర్‌బోర్డు పని చేస్తోంది. ఏమీ కనబడకపోతే ఒక ఛానల్ నుంచి ఇంకో ఛానల్‌కు మార్చి మళ్లీ చూడండి, తెల్లటి నేపథ్యం మీద నల్ల అక్షరాలైతే సులువుగా పట్టుబడతాయి. తెర పగిలినా, నిలువు గీతలు పడినా, సగం తెర ఒక రంగు, సగం ఇంకో రంగు వచ్చినా అది ప్యానెల్ జబ్బు. దానికి నిజంగానే ఖర్చు పెట్టడం దండగ. మీ సెట్‌లో ఆ గీతలేవీ లేవు.

మూడేండ్లకే దీపం ఎందుకు ఆరింది? 32 అంగుళాల సెట్లలో మామూలుగా రెండో మూడో స్ట్రిప్పులు ఉంటాయి. ఉదాహరణకు మూడు స్ట్రిప్పులు, ఒక్కోదానికి ఆరు ఎల్ఈడీలు అనుకోండి. 18 ఎల్ఈడీలూ ఒకే వరుసలో, దండలో పూలలా, ఒకదాని వెంట ఒకటి కలిసి ఉంటాయి. ఒక్కోదానికి 3 వోల్టులైతే మొత్తానికి 54 వోల్టులు. ఇందులో ఒక్కటి తెగితే దండంతా ఆగిపోతుంది. ఒకటి సగం చచ్చి ఊగిసలాడుతుంటే ఆన్ చేయగానే వెలుగుతుంది, ఆ వెంటనే, దండకు కరెంటిచ్చే డ్రైవర్ సర్క్యూట్ వోల్టేజీ తేడాను పసిగట్టి కరెంటు ఆపేస్తుంది. మీకు కనిపించే ఒక్క క్షణం మెరుపు ఇదే. అంటే 18లో 17 బాగానే ఉన్నా టీవీ గుడ్డిదవుతుంది.

ఆ ఒక్కటి చచ్చేది వేడికి. ఖర్చు తగ్గించడానికి కంపెనీలు ఎల్ఈడీల సంఖ్య తగ్గించి, ఒక్కోదాని మీద లెన్స్ టోపీ పెట్టి వెలుగును పరిచి, తగ్గిన వెలుగును కరెంటు పెంచి రాబడతాయి. స్ట్రిప్పు అంటుకునేది పల్చటి రేకుకు, అదీ రెండు వైపులా జిగురున్న టేపుతో. దానికి తోడు దుకాణంలో పక్క సెట్టు కంటే కాంతిగా కనబడాలని బ్యాక్‌లైట్ 100 మీద పెట్టి అమ్ముతారు. ఇంటికి తెచ్చాక ఎవరూ దాన్ని ముట్టుకోరు. తెర మీద అక్కడక్కడ గుండ్రటి తెల్ల మచ్చలు వచ్చాయంటే వేడికి జిగురు ఎండి లెన్స్ ఊడిందన్నమాట. బొమ్మ నీలంగానో ఊదాగానో మారిందంటే ఎల్ఈడీ మీది పసుపుపచ్చ పూత మాడుతోందన్నమాట. ఈ రెండూ కనిపించిన రోజే బ్యాక్‌లైట్ తగ్గిస్తే ఇంకొన్నేండ్లు నడుస్తుంది.

ఇక బాగు చేయించే పద్ధతి. స్ట్రిప్పులు మార్చే పని చేసే మెకానిక్ దగ్గరికే వెళ్లండి, అది రాని వాళ్లే ఎక్కువగా ప్యానెల్ పోయిందంటారు. వరంగల్, కరీంనగర్‌లో టీవీ స్పేర్ పార్టుల దుకాణాలున్నాయి. అక్కడ దొరకనివి హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకుంటారు. టీవీ వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబర్ ఒక్కటీ సరిపోదు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తాయి. సెట్ విప్పాక పాత స్ట్రిప్పు మీద ముద్రించిన నంబర్, పొడవు, ఎల్ఈడీల సంఖ్య, 3 వోల్టుల రకమా 6 వోల్టుల రకమా అన్నవి చూసి అదే తేవాలి. 3, 6 కలిపి వేస్తే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది. కాలిన ఒక్క ఎల్ఈడీని మార్చి పంపుతానంటే ఒప్పుకోకండి. మిగిలినవీ అంతే వేడి తిన్నవి, వరుసగా పోతాయి. సెట్‌లోని స్ట్రిప్పులన్నీ ఒకేసారి మార్పించండి. వాటి ధర కొన్ని వందల్లోనే ఉంటుంది, అసలు ఖర్చు కూలిదే. రెండూ కలిపి కొత్త టీవీ ధరలో నాలుగో వంతు దాటితే బేరమాడండి, లేదా ఇంకో మెకానిక్‌ను చూడండి.

కూలికి విలువ ఎందుకంటే, స్ట్రిప్పుల దగ్గరికి చేరాలంటే ముందు వైపు గాజు ప్యానెల్‌ను లేపి పక్కన పెట్టాలి. దాని అంచున సిల్కు రిబ్బన్ లాంటి పల్చటి పట్టీలు వేలాడుతుంటాయి. వాటిలో ఒకటి చిరిగినా, వేలితో గట్టిగా మడిచినా అప్పుడు నిజంగానే ప్యానెల్ పోతుంది. గాజును అంటుకునే రబ్బరు కప్పులతో, ఇద్దరు మనుషులు లేపడం మంచిది. కింద ఉండే తెల్లటి పొరలను ఏ వరుసలో తీశారో అదే వరుసలో పెట్టాలి, దుమ్ము పడకూడదు. పని మీ ముందే చేయమనండి. పాత స్ట్రిప్పులు మీకే ఇవ్వమనండి.

సెట్ మూయకముందే ఇంకో పని చేయించండి: డ్రైవర్ సర్క్యూట్‌లో ఎల్ఈడీల కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్లు పక్కపక్కన ఉంటాయి. మూడు సమానమైనవి ఉన్నచోట ఒకదాన్ని తీసేస్తే కరెంటు మూడో వంతు తగ్గుతుంది. పగటి పూట తలుపులు తీసి చూసినప్పుడు తప్ప ఆ తేడా కంటికి తెలియదు. తెలిసిన మెకానిక్‌కు ఈ మాట చెబితే చాలు. వద్దనుకుంటే మెనూలో తగ్గించుకోండి. కానీ బ్రైట్‌నెస్‌నే తగ్గిస్తే చాలా సెట్లలో బొమ్మ నల్లబడుతుంది గాని వెనక దీపం అంతే మండుతుంది. బ్యాక్‌లైట్ అని వేరుగా ఉన్నదాన్ని 50, 60 మధ్య పెట్టండి. పిక్చర్ మోడ్ వివిడ్, డైనమిక్ కాకుండా స్టాండర్డ్‌లో ఉంచండి. మొదట అడిగే షాప్ మోడ్, హోమ్ మోడ్‌లో హోమ్ ఎంచుకోండి.

పాత టీవీతో పోలికకు వస్తే, మీ జ్ఞాపకం సగం నిజం. డబ్బా టీవీలూ ఖరాబయ్యేవి. ఎల్.ఓ.టి. కాలేది, హారిజాంటల్ ట్రాన్సిస్టర్ పోయేది, సోల్డరింగ్ విడిపోతే సెట్టు పక్కన ఒక దెబ్బ వేస్తే బొమ్మ వచ్చేది. తేడా ఏమిటంటే, పోయింది ఏదో ఆ ముక్క విడిగా దొరికేది, విడిగా మారేది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఈసీ టీవీలు తయారుచేసిన రోజుల్లో, ఆ తర్వాత కూడా చాలాకాలం, గల్లీ మెకానిక్ చేతిలో సర్క్యూట్ డయాగ్రమ్ ఉండేది. ఇప్పుడు పార్టు పోయినా బోర్డు మార్చమంటారు, బోర్డు పోతే సెట్టు మార్చమంటారు. పైగా 21 అంగుళాల ఆ డబ్బా వంద వాట్ల దాకా తాగేది, మీ 32 అంగుళాల ఎల్ఈడీ దాదాపు అందులో సగంతో నడుస్తుంది. ఇవాళ్టి సామానులో డిజైన్‌కు పెద్దగా వంక పెట్టలేం. చల్లదనానికి, పది రూపాయల పార్టుకు పిసినారితనం చేశారన్నదే మా ఫిర్యాదు.

పది రూపాయల పార్టు అంటే కెపాసిటర్. పవర్ బోర్డులో గొట్టాల్లా నిలబడి ఉండేవి. 105 డిగ్రీలు, 2000 గంటలు అని రాసిన మామూలు రకం తీసుకోండి. వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. లోపల 85 డిగ్రీల వేడిలో ఉంటే 8,000 గంటలు, అంటే రోజుకు ఆరు గంటల లెక్కన మూడున్నరేండ్లు. అదే 65 డిగ్రీల్లో ఉంటే 32,000 గంటలు, 14 ఏండ్లు పైమాటే. టీవీని గోడలో చెక్క గూడు చేసి బిగించడం, వెనక గాలి రంధ్రాలకు గుడ్డ కప్పడం ఈ లెక్కనే చెడగొడతాయి. చుట్టూ నాలుగంగుళాలు వదలండి. టీవీ ఆన్ కావడానికి రెండు నిమిషాలు పడుతున్నా, ఎర్ర లైటు మిణుకు మిణుకు మంటున్నా కెపాసిటర్ తల ఉబ్బిందేమో చూడమనండి. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టులు, 105 డిగ్రీల రకమే. ఇది మీరు విప్పి చేసే పని కాదు. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలవ ఉంటుంది.

లోగో దగ్గరే ఆగిపోయే స్మార్ట్ టీవీలు వేరే జబ్బు. లోపలి మెమరీ చిప్పు అరిగిపోతుంది, లేదా ఒక జీబీ ర్యామ్‌కు కొత్త యాప్‌లు సరిపోవు. తెర బాగుంటే హెచ్‌డీఎంఐ పోర్టుకు గుచ్చే బయటి స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుని వాడుకోండి.

స్టెబిలైజర్ ప్రశ్నకు మీరు ఎదురుచూసిన జవాబు రాదు. టీవీ వెనక స్టిక్కర్ చదవండి, చాలావాటి మీద 100–240 వోల్టులు అని ఉంటుంది. యాసంగిలో మోటర్లన్నీ ఒక్కసారి నడిచి ఇంట్లో 170కి పడిపోయినా ఆ టీవీకి ఏమీ కాదు. దాన్ని చంపేది ఎక్కువ వోల్టేజీ. నిబంధన ప్రకారం ఇంటికి రావాల్సింది 230, అటూ ఇటూ ఆరు శాతం, అంటే 216 నుంచి 244. అర్ధరాత్రి మోటర్లు ఆగాక ఎంత ఉందో మల్టీమీటర్‌తో ప్లగ్గులో చూడండి. పొద్దున, సాయంత్రం, అర్ధరాత్రి మూడు పూటలా వారం రోజులు రాసిపెట్టండి. రోజూ 250 దాటుతుంటే ఆ కాగితంతో 1912కు ఫోన్ చేయండి. మన ఉత్తర తెలంగాణకు కరెంటిచ్చే ఎన్‌పీడీసీఎల్ ఆఫీసు హనుమకొండలోనే ఉంది. వోల్టేజీ తగ్గేలా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడం వాళ్ల పని.

అంతకన్నా ప్రమాదం న్యూట్రల్ తెగడం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ వదులైతే కొన్ని ఇండ్లలో లైట్లు మసకబారతాయి, కొన్నింట్లో భగ్గుమని వెలుగుతాయి. వెలిగిన ఇండ్లలో వోల్టేజీ 400 దాకా ఎక్కవచ్చు. ఎవరింట్లోనో మోటర్ వేసినప్పుడు మీ లైట్లు ఉన్నట్టుండి ఎక్కువ కాంతిగా మారితే ఆలోచించకుండా మెయిన్ ఆఫ్ చేయండి. అలా దెబ్బతిన్న టీవీలో ఎర్ర లైటు కూడా రాదు. అప్పుడు ముందుగా చూడాల్సింది ప్లగ్గు తీగ బోర్డులోకి వచ్చే చోట నాణెంలా ఉండే ఎం.ఓ.వి., దాని పక్కన ఫ్యూజు. ఆ నాణెం పగిలిందంటే తాను చచ్చి బోర్డును కాపాడిందన్నమాట. రెండూ మారిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. ఫ్యూజు బదులు తీగ చుట్టనివ్వకండి.

అందుకని టీవీకి స్టెబిలైజర్ కొనే డబ్బుతో మీటర్ పక్క డబ్బాలో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించండి. 255 దాటితే కోసేసేలా, తిరిగి మూడు నిమిషాలకు ఇచ్చేలా సెట్ చేయించండి. ఎక్కువ వోల్టేజీ నుంచి ఇల్లంతటికీ అదొక్కటే సరిపోతుంది. ఉరుములప్పుడు అది కూడా కాపాడలేదు. ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ కూడా పీకాలి. పిడుగు దెబ్బకు సెట్‌టాప్ బాక్సు, టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు పోయేది ఎక్కువగా ఆ కేబుల్ దారిలోనే.

బల్బుల సంగతి చూస్తే, పాత 60 వాట్ల బల్బు ఆయుష్షు కూడా వెయ్యి గంటలే. రోజుకు ఐదు గంటలంటే 200 రోజులు, అంటే అదీ ఆరు నెలలే! దానికి పది రూపాయలిచ్చాం కాబట్టి మనకు కోపం రాలేదు. ఎల్ఈడీ బల్బు పెట్టె మీద రాసే 25,000 గంటలు లోపలి ఎల్ఈడీవి, దాన్ని నడిపే సర్క్యూట్‌వి కావు. మూసిన గాజు బుడ్డిలో, తలకిందులుగా వేలాడే హోల్డర్‌లో పెడితే వేడి పైకి చేరి కెపాసిటర్ మీదే కూర్చుంటుంది. చవక రకాల్లో అసలు కెపాసిటరే ఉండదు, ఒక్క ఐసీ మీద నడుస్తాయి. వోల్టేజీ ఎగిరినప్పుడల్లా అవే ముందు పోతాయి. ఒక 15 వాట్ల బల్బు బదులు రెండు 7 వాట్లవి పెట్టుకోండి. కొనేటప్పుడు పెట్టె మీద 4 కేవీ సర్జ్ (ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీని తట్టుకునే శక్తి) అని ఉందేమో చూడండి. బుడ్డి తీసేయండి. కాలిన ఎల్ఈడీ మీద నల్లచుక్క చూసి, దాని మీద సోల్డర్ పోసి వెలిగించే విద్య యూట్యూబ్‌లో బాగా నడుస్తోంది. ఆ బోర్డంతా నేరుగా కరెంటుకు కలిసే ఉంటుంది, వంద రూపాయల బల్బు కోసం అది వద్దు. ఆఫ్ చేసినా బల్బు మసకగా వెలుగుతుంటే స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్‌ను కోస్తోందేమో వైర్‌మ్యాన్‌తో చూపించండి.

ఫ్యాన్ల గురించి మీరు అడగలేదు గాని ఒక మాట. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే మోటర్ పోయిందనుకుని మార్చేస్తుంటారు. చాలాసార్లు పోయేది కండెన్సర్, అంటే కెపాసిటరే. మామూలు ఫ్యాన్‌కు 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులది వేస్తే సరి. బీఎల్‌డీసీ అని రాసి ఉండే రిమోట్ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల నడిచి కరెంటు మిగుల్చుతుంది. కొనేముందు దాని బోర్డు విడిగా దొరుకుతుందా అని దుకాణదారును అడగండి.

చివరికి ఫ్రిజ్. 1999 నాటిది అంటే వెనక వేడిని వదిలే నల్లటి జాలీ మామూలుగా బయటికే ఉంటుంది, కంప్రెసర్ పక్కన దాన్ని స్టార్ట్ చేసే రిలే, వేడెక్కితే ఆపేసే ఓవర్‌లోడ్ ఉంటాయి. ఇవి రెండూ కొన్ని వందల్లో దొరికేవే. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ జాలీ గోడల లోపల ఉంటుంది. అక్కడ గ్యాస్ లీకైతే ఫోమ్ చీల్చి బాగుచేయడం కుదరదు, బయట వేరే జాలీ వేయాలి. ఇన్వర్టర్ రకంలో కంప్రెసర్ పోయిందంటే వెంటనే నమ్మకండి. దాని మూడు పిన్నుల మధ్య మీటర్ పెట్టి చూస్తే మూడు జతలకూ ఒకే రెసిస్టెన్స్ రావాలి. వస్తే కంప్రెసర్ వైండింగ్ బాగున్నట్టే, చాలాసార్లు పోయింది బోర్డే.

అయితే మీ పిల్లల మాటలోనూ న్యాయం ఉంది. మీ ఫ్రిజ్ నెలకు ఎన్ని యూనిట్లు తింటుందో కొలవండి. అందరూ ఊరెళ్లే రోజు మిగతావన్నీ ఆపి ఫ్రిజ్ ఒక్కటే ఉంచి, 24 గంటల ముందూ వెనకా మీటర్ రీడింగ్ రాసుకోండి. రోజుకు 1.3 యూనిట్లు వస్తే నెలకు దాదాపు 40. ఆ సైజు కొత్త దాని స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ముద్రించి ఉంటుంది. నక్షత్రాలు లెక్కపెట్టకుండా ఆ అంకె చూడండి. 180 అని ఉంటే నెలకు 15. తేడా 25 యూనిట్లు. మామూలు బిల్లు కట్టేవాళ్లకు ఇది కొత్త ఫ్రిజ్ కొనేంత లాభం కాదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లైతే మాత్రం లెక్క మారుతుంది: మీ వాడకం 200 యూనిట్ల అంచున ఉంటే ఆ 25 యూనిట్లే మొత్తం బిల్లును మీ నెత్తిన పెడతాయి.

ఆ కొలత తీసేముందు డోరు రబ్బరు చూసుకోండి. కాగితం ముక్క నడుమ పెట్టి తలుపు మూసి లాగితే జారి రాకూడదు. వదులుగా వస్తే రబ్బరు మార్పించండి. జాలీ మీది దుమ్ము బ్రష్షుతో దులిపి, గోడకు ఆరంగుళాలు ఎడంగా జరపండి. గ్యాస్ లీకైతే మాత్రం ఖర్చు పెట్టకండి. ఆ కాలపు సెట్లు కొన్ని ఆర్12 గ్యాస్‌వి, కంప్రెసర్ మీది లేబుల్ చూస్తే తెలుస్తుంది. ఆ గ్యాస్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

మీ సజ్జ మీది స్టెబిలైజర్ పని ఇక్కడ ఉంది. కంప్రెసర్ మోటర్‌కు తక్కువ వోల్టేజీ పడదు, 170లో స్టార్ట్ కాలేక గురగురమని ఓవర్‌లోడ్ కొట్టేస్తుంది. ముందు దాన్ని దించి, మూత విప్పి దుమ్ము ఊదించి, 60 వాట్ల మామూలు బల్బు ఒక్కటి తగిలించి చూడండి. సాయంత్రం లో వోల్టేజీ వేళ మీటర్ పెడితే బయటికి 200కు పైన రావాలి, రిలే టక్కుమని మారాలి, టకటకా కొట్టుకుంటూ ఉండకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు వెంటనే ఇవ్వకుండా రెండు మూడు నిమిషాలు ఆగి ఇస్తే ఇంకా మంచిది. అలా ఆగనిదైతే, కరెంటు వచ్చాక ఫ్రిజ్ స్విచ్చు మీరే ఐదు నిమిషాలు ఆగి వేయండి.